వాసన వచ్చిన రోజే గడియారం మొదలైంది

ప్రశ్న: డాలస్ శివార్లలో ఉంటాం. పాత పికప్ ఒకటి ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. 2023లో 1970 నాటి షెవ్రొలే సీ10 కొన్నాను. దాని పెట్రోలు ట్యాంకు క్యాబ్‌లోనే, సీటు వెనకాల ఉంటుంది. పిల్లల వీపుకి ఆనుకుని ట్యాంకు ఏమిటని మా ఆవిడ ఒకటే గొడవ. ఒక షాపులో ట్యాంకును బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) కిందికి మార్పించి, కార్బొరేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ కూడా పెట్టించాను. మొత్తం 5,200 డాలర్లు. 2024 మార్చిలో బండి చేతికొచ్చింది. ఆగస్టు 19న "గ్యాస్ వాసన వస్తోంది" (అంటే పెట్రోలు వాసన) అని షాపతనికి మెసేజ్ పెట్టాను. తీసుకురమ్మన్నాడు, ఆఫీసు పనుల్లో కుదరలేదు. 2025 సెప్టెంబరులో ఇంటి ముందు ఆపిన బండి కింద మంటలు లేచాయి. ఫైరింజన్ వచ్చి ఆర్పింది. పిల్లలు ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతున్నారు. కాలిన పైపు చూస్తే ఒళ్లు మండి చెత్తలో పడేశాను. బాగుచేయడానికి 6,400 అవుతుందట. ఇప్పుడు షాపతను ఫ్రీగా చేసిస్తాను, ఒక కాగితం మీద సంతకం పెట్టు అంటున్నాడు. ట్యాంకు జరపడమే ఫెడరల్ నేరమని మా ఫ్రెండ్ అంటాడు. కేసుకి నాలుగేళ్ల టైముంది కదా? నాకు డబ్బు ముఖ్యం కాదు, అతను తప్పు ఒప్పుకుంటే చాలు.

జవాబు: తప్పు ఒప్పించే అధికారం ఏ కోర్టుకీ లేదు. కోర్టు ఇప్పించగలిగేది డబ్బు. అది ముఖ్యం కాదనుకుంటే ఈ ఉత్తరం నాకు రాయాల్సిన పని లేదు. ముఖ్యమే అనుకుని మాట్లాడుకుందాం.

మీరు నాకు పంపింది మూడు పేజీలు, పైన వేసింది దాని సారం. రెండున్నర పేజీలు బండి మీద ప్రేమ, మంటల రోజు భయం. కేసును తేల్చేది మాత్రం మధ్యలో మీరు దాటుకుంటూ పోయిన ఒక్క వాక్యం: ఆగస్టు 19న వాసన వస్తోందని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ మీకు బలమని మీరు అనుకుంటున్నారు. సగం నిజం. తన పనిలో లోపం ఉందని షాపతనికి అప్పుడే తెలుసు అని అది చెబుతుంది. అదే మెసేజ్, మీకూ అప్పుడే తెలుసు అని కూడా చెబుతుంది. అవతలి లాయరు కోర్టులో పెట్టే మొదటి కాగితం అదే అవుతుంది.

ముందు టైము సంగతి. నాలుగేళ్లన్నది ఎక్కడో విన్నట్టున్నారు. కాంట్రాక్టు ఉల్లంఘనకు, వస్తువు అమ్మకానికి సంబంధించిన వారంటీకి టెక్సాస్‌లో నాలుగేళ్లే, నిజమే. కానీ మీ దగ్గరున్న కాంట్రాక్టల్లా "ట్యాంకు మార్పిడి, ఇంజెక్షన్ కిట్, లేబర్" అని మూడు ముక్కల బిల్లు. దాని మీద గట్టిగా నిలబడటం కష్టం. మీకు నిజంగా పనికొచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, అంటే ఇక్కడ అందరూ డీటీపీఏ అని పిలిచేది. వస్తువును బాగుచేసినా మార్చినా ఆ పని చేయి తిరిగినవాడు చేసినట్టుండాలన్నది కాగితం మీద రాయకపోయినా ఉన్న హామీయేనని టెక్సాస్ సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఆ హామీ తప్పితే డీటీపీఏ కింద దావా వేయొచ్చు. దానికి గడువు రెండేళ్లు. ఎప్పటినుంచి? లోపం మీకు తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెట్టి ఉంటే తెలిసుండే రోజు నుంచి. మంటలు లేచిన రోజు నుంచి కాదు.

అంటే మీ రెండేళ్లు 2026 ఆగస్టు 19తో అయిపోతాయని పెట్టుకోండి. నిర్లక్ష్యం కింద వేసే దావాకీ రెండేళ్లే. అక్కడ మంటల రోజు నుంచి లెక్క అని మనం వాదించొచ్చు, వాసన రోజు నుంచి అని వాళ్లు వాదిస్తారు. గెలిచినా ఓడినా ఆ వాదనకే సగం ఖర్చవుతుంది. ముందు వచ్చే తారీఖు పట్టుకుంటే ఆ గొడవే ఉండదు. పైగా డీటీపీఏ కింద దావా వేయడానికి 60 రోజుల ముందు అవతలివాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆగస్టు 19 నుంచి వెనక్కి లెక్కపెట్టండి, జూన్ 20 వస్తుంది. నోటీసు ఆలోపు వెళ్లాలి. గడువు మీద పడితే నోటీసు లేకుండా దావా వేసే వెసులుబాటు చట్టంలో ఉంది కానీ, దాని మీద ఆధారపడేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

ఇక వాసన వచ్చాక పదమూడు నెలలు ఆ బండి నడిపారు. అందులో పిల్లల్ని ఎక్కించుకున్నారు. సీటు వెనక ట్యాంకు ప్రమాదమని జరిపించిన మనిషి, బెడ్ కింద పెట్రోలు కారుతోందని ముక్కుకి తెలిసీ "ఆఫీసు పనుల్లో కుదరలేదు" అంటే నాకే కోపం వస్తోంది, జ్యూరీకి రాదా? ఇది తిట్టడానికి అనడం లేదు, లెక్క చెప్పడానికే. టెక్సాస్‌లో నష్టానికి ఎవరి వాటా ఎంతో శాతాల్లో తేలుస్తారు. మీరు 5,200, 6,400 కలిపి 11,600 అడిగారనుకోండి. మీ తప్పు 40 శాతమని తేలితే చేతికొచ్చేది 6,960. అదే 51 అని తేలితే సున్నా. యాభై దాటిందంటే షాపతను ఎంత చెత్త పని చేసినా పైసా రాదు. అందుకే మీ కేసంతా "ఆ పైపు మొదటి రోజు నుంచే తప్పుడు పైపు" అని చూపించడం మీదే ఆధారపడి ఉంది. వాసన, వాయిదా ఇవన్నీ ఆ తర్వాతి మాటలు.

ఆ పైపు చెత్తలో ఉంది. అక్కడ మీరు చేసింది నిర్లక్ష్యం అనను, అంతకన్నా పెద్ద మాట అనాలి. ఒళ్లు మండిందని కేసునే పారేశారు.

అయినా అంతా పోలేదు. బండి ఇంకా విప్పలేదన్నారు కాబట్టి చెబుతున్నాను. కాలి తెగిపోయింది ఒక ముక్కే. ట్యాంకు పైన పంపు దగ్గర బిగించిన కొస, అవతల ఫ్రేమ్ మీది ఇనుప లైనుకి తగిలించిన కొస ఇంకా అక్కడే ఉండాలి. బండి జోలికి పోకుండా కింద టార్చి వేసి చూడండి. రబ్బరు పైపు పొడవునా తెల్లటి చిన్న అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. అందులో 30ఆర్7 అని ఉందా, 30ఆర్9 అని ఉందా అన్నదే నాకు కావాల్సింది. ఆర్7 కార్బొరేటర్ బళ్లకు వాడే రకం. కార్బొరేటర్‌కు పంపు 5, 7 పీఎస్‌ఐ ఒత్తిడితో పంపితే చాలు. ఇంజెక్షన్‌కు 40 పైన, చాలా కిట్లలో 58 దాకా ఉంటుంది. దానికోసం తయారుచేసింది ఆర్9. మీరు ఇంజెక్షన్ పెట్టించారు. ఆ కొస మీద ఆర్7 అని కనిపిస్తే షాపతని నోరు సగం మూతపడ్డట్టే. ఆర్9 అనే ఉంటే పైపు సైలెన్సర్ గొట్టానికి ఎంత దగ్గరగా పోయింది, ఎక్కడ ఒరుసుకుంది, క్లాంపు ఏ రకం, ఇవి చూడాలి. కేసు అప్పుడూ ఉంటుంది, కష్టపడాల్సింది పెరుగుతుంది. రెండు కొసలకూ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. కోయకండి, తుడవకండి.

ఇప్పుడు ఆ ఫ్రీ రిపేరు. ఎట్టి పరిస్థితుల్లోనూ బండిని ఆ షాపుకి పంపొద్దు. ఇది సలహా అనుకోకండి, హెచ్చరిక. బండి అతని లిఫ్టు ఎక్కిన పావుగంటలో పాత కొసలు ఊడిపోతాయి, కొత్త పైపు పడుతుంది, మిగిలిన మీ సాక్ష్యం అతని చెత్తడబ్బాలో ఉంటుంది. అతన్ని తప్పు పట్టడానికీ లేదు, రిపేరు చేయమని తెచ్చిచ్చింది మీరే. ఆ "ఒక కాగితం" రిలీజ్ అయ్యుంటుంది. అంటే ఇక ఏ దావా వేయను, ఇంకేం అడగను అని మీరు రాసిచ్చినట్టు. 6,400 నష్టానికి ఓ పైపు ముక్క తీసుకుని చెల్లుచీటీ ఇచ్చినట్టవుతుంది. రేపు అదే బండి మళ్లీ అంటుకున్నా అడిగే హక్కు పోవచ్చు. ఇంకొకటి, లోపల పెట్టుకున్నాక "ఇంతయింది, కట్టు" అని కొత్త బిల్లు తీస్తే, అది కట్టేదాకా బండిని అట్టేపెట్టుకునే హక్కు రిపేరు షాపుకి టెక్సాస్ చట్టమే ఇస్తుంది. వేరే మెకానిక్ చేత బాగుచేయించేసుకుని బిల్లు పంపుదాం అనుకోవడమూ దాదాపు ఇలాంటిదే. కేసు వేయబోతూ సాక్ష్యాన్ని పోగొట్టినవాళ్లని కోర్టులు శిక్షిస్తాయి. మీరు ఇప్పటికే ఒక ముక్క పోగొట్టారు, రెండోది పోనివ్వకండి.

అయితే బండి చూపించనని మొండికేయడమూ కుదరదు. నోటీసు వెళ్లాక ఆ 60 రోజుల్లో అవతలివాళ్లు రాసి అడిగితే, తగిన చోట, తగిన టైములో చూడనివ్వాలి. కారణం లేకుండా కాదంటే, అది మీకే ఎదురుతిరగొచ్చు. మీ ఇంట్లోనే, మీ మెకానిక్ ఎదురుగా, వీడియో తీస్తూ చూపించండి. చూడనివ్వాలి, విప్పనివ్వకూడదు.

ఫ్రెండ్ చెప్పిన ఫెడరల్ నేరం సంగతి రెండు మాటల్లో. బండిలో భద్రతా ప్రమాణం ప్రకారం పెట్టినదాన్ని రిపేరు షాపు తెలిసి చెడగొట్టకూడదన్న ఫెడరల్ నియమం ఉంది. కానీ పెట్రోలు వ్యవస్థకు సంబంధించిన 301వ ప్రమాణం 1968లో కార్లకే మొదలై, పికప్‌లకు 1976 సెప్టెంబరు నుంచి గానీ రాలేదు. మీది 1970 బండి. ట్యాంకును క్యాబ్‌లోంచి తీసి ఫ్రేమ్ పట్టీల మధ్య పెట్టించడం ఎందరో చేయించుకుంటున్న పనే, మీ ఆవిడ చెప్పింది సబబే. జరపడం తప్పు కాదు, జరిపిన తీరులో తప్పుందా అన్నదే ప్రశ్న. మీరు ఉత్తరం చివర కలిపిన, షెవ్రొలే తయారుచేసే జనరల్ మోటార్స్ కథ కూడా వదిలేయండి. అది 1973 నుంచి 87 దాకా ఫ్రేముకి బయట, పక్కన ట్యాంకులు పెట్టిన పికప్‌ల గొడవ. 1994లో ప్రభుత్వంతో కంపెనీ రాజీపడింది. మీ బండికీ దానికీ సంబంధం లేదు.

ఇన్సూరెన్స్‌కి చెప్పలేదని కూడా రాశారు, ప్రీమియం పెరుగుతుందని. ఇవాళే చెప్పండి. మంటల నష్టం కాంప్రిహెన్సివ్ కవరేజీలో వస్తుంది, అది ఉంటే కేసు అక్కరే పడకపోవచ్చు. ఆలస్యం ఎందుకైందని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి, ట్యాంకు మార్చిన సంగతితో సహా. బండికి యాంటిక్ ప్లేటు (పాతకాలపు బళ్లకిచ్చే నంబరు ప్లేటు) ఉందా అన్నది కూడా చూసుకోండి. ఆ ప్లేటు ఉన్న బండి ప్రదర్శనలకూ పరేడ్లకూ అంతే, రోజూ ఆఫీసుకి తిప్పడానికి కాదు. కంపెనీ డబ్బిచ్చాక షాపు మీద తిరిగి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వస్తుంది. ఆ రిలీజ్ మీద సంతకం పెట్టి ఉంటే దాన్నీ చెడగొట్టినవాళ్లయ్యేవారు.

చేయాల్సింది వరసగా ఇది. ఫైర్ డిపార్టుమెంటుకు రాసి ఆ రోజు రిపోర్టు తెప్పించుకోండి, వాళ్లు తీసిన ఫొటోలుంటే అవీ అడగండి. ఆ చెత్తలో పడేసిన ముక్క వాటిలో ఒకదాంట్లోనైనా కనిపించొచ్చు. మీ ఫోన్లో మంటల రోజు తీసినవి ఏవీ చెరపకండి, ఆ మెసేజులు కూడా. ఆ షాపుతో సంబంధం లేని మెకానిక్‌ను ఇంటికి పిలిచి, కొసలు చూపించి, తప్పేమిటో సంతకంతో రాయించుకోండి. బిల్లు వెనక వైపు చదవండి. వారంటీ అంటూ ఏమైనా రాసుంటే నేను పైన చెప్పిన రాయని హామీ దానివల్ల పక్కకు పోవచ్చు, కాబట్టి అది నాకు కావాలి.

తర్వాత నోటీసు. రెండు పేజీలు మించక్కర్లేదు. ఏ రోజు ఏం చేయించారు, పైపు ఏ రకం, ఎందుకు తప్పు, నష్టం ఎంత. పిల్లల భయం గురించి ఒక్క వాక్యం చాలు. సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. 60 రోజుల్లో దారికి రాకపోతే, చిన్న మొత్తాల కేసులు వినే జస్టిస్ కోర్టులో వేయొచ్చు. అక్కడ పరిమితి 20,000 డాలర్లు, మీది అందులోపే. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, సాక్ష్యాల నియమాలూ అంత బిగువుగా ఉండవు. అలాగని ఊహల మీద దావా వేయకండి. ఆధారం లేకుండా గానీ, వేధించడానికి గానీ వేశారని తేలితే అవతలి లాయరు ఫీజు మీ నెత్తిన పడుతుంది. పైపు మీది అక్షరాలు చదివాక, మెకానిక్ కాగితం చేతికొచ్చాక వేయండి.

ఆ ఫొటోలు నాకు పంపినప్పుడు ట్యాంకు వైపు కొసది ముందు పంపండి. ఇనుప లైను వైపుది తర్వాత చూస్తాను.