చెవిలో ఇమిడే మిషన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

చెవి అచ్చు తీసి, ఆ అచ్చుకు సరిపోయేలా చేసిచ్చే వినికిడి మిషన్ల గురించి బెజవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. "పాడైపోయింది" అని రాసిన మిషన్లలో చాలావాటికి రిపేరు అక్కర్లేదనిపిస్తోంది. గుబిలి, తడి, సెల్లు (బ్యాటరీ) – వీటిలో ఏదో ఒకటి అడ్డం పడుతోంది. ఇంట్లోనే చూసుకోవచ్చు.

ప్రశ్న: మా మామయ్యగారికి 74 ఏళ్లు. నాలుగు నెలల క్రితం రెండు చెవులకీ కొలత తీయించి మిషన్లు చేయించాం. కుడి మిషన్‌లో మాట సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉందంటున్నారు. సెల్లు మార్చినా అంతే. షాపువాళ్లు కంపెనీకి పంపాలంటున్నారు. పంపమంటారా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పంపేముందు వాక్స్ గార్డ్ మార్చి చూడండి. ఎర్ర గుర్తు ఉన్నది కుడి చెవిది, నీలం గుర్తు ఉన్నది ఎడమ చెవిది. కుడిది తీసుకుని, చెవి లోపలికి వెళ్లే కొనను వెలుతురుకి తిప్పి పట్టుకోండి. అక్కడ శబ్దం బయటికొచ్చే రంధ్రంలో గుండుసూది తలకన్నా చిన్న ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. అదే గార్డ్. కొత్తది తెల్లగా, రంధ్రాలు తేటగా ఉంటుంది. గుబిలి పట్టినది పసుపు, గోధుమ రంగులో మూసుకుపోయి, ఒక్కోసారి జిగురుగా మెరుస్తూ ఉంటుంది. మాట సన్నబడటానికి మొదట అనుమానించాల్సింది దీన్నే.

మార్చడం రెండు నిమిషాల పని. మిషన్‌తో ఇచ్చిన డబ్బాలో చిన్న పుల్లలు ఉంటాయి. పుల్లకి ఒక కొస ఖాళీగా ఉంటుంది, రెండో కొసకి కొత్త గార్డ్ అమర్చి ఉంటుంది. ఖాళీ కొసను పాత గార్డ్‌లోకి నిటారుగా నొక్కి, నిటారుగానే లాగండి. పాతది పుల్లతో వచ్చేస్తుంది. పుల్ల తిప్పి కొత్తదాన్ని రంధ్రంలో పెట్టి, అంచు సమంగా కూర్చునేదాకా నొక్కండి. పుల్లని మెల్లగా వెనక్కి తీస్తే గార్డ్ అక్కడే ఉండిపోతుంది. ఆ పుల్ల ఇక పారెయ్యడమే. ఒక కంపెనీ గార్డ్ ఇంకో కంపెనీ మిషన్‌కి సరిపోదు కాబట్టి కొనేటప్పుడు పాత డబ్బా పట్టుకెళ్లండి.

పిన్నీసుతోనో సూదితోనో ఆ రంధ్రం పొడవకండి. గుబిలి ఇంకా లోపలికి పోయి, గార్డ్ వెనకున్న రిసీవర్‌కి, అంటే శబ్దం పలికించే బుల్లి స్పీకరుకి, తగులుతుంది. అప్పటిదాకా కొద్ది ఖర్చుతో పోయేది, రిసీవర్ మార్చాల్సొస్తే వేలల్లోకి వెళుతుంది. గార్డ్ ఊడిపోతే కొత్తది పెట్టేదాకా ఆ మిషన్ వాడొద్దు.

గార్డ్ నెలకోసారి మార్చాలన్నది స్థూలమైన లెక్క. గుబిలి ఎక్కువ ఊరేవాళ్లకి రెండు వారాలకే నిండుతుంది, పొడి చెవులవాళ్లకి రెండు నెలలైనా బాగుంటుంది. తేదీ చూసి కాదు, జాలీని చూసి మార్చండి. మార్చినా శబ్దం పెరగకపోతే ఆ చెవిలో గుబిలి గడ్డకట్టి ఉందేమో ఈఎన్‌టీ డాక్టరుతో చూపించండి. ఈ రెండూ అయ్యాకే కంపెనీ సంగతి.

ప్రశ్న: మాది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్లో రోజంతా కారం దుమ్ము, చెమట. చెవిలో మిషన్ నెలకోసారి మొరాయిస్తోంది. మిషన్ తీస్తే బేరం వినపడదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీకు మా మొదటి సలహా చేతుల గురించి. మిర్చి టిక్కీలు తడిమిన వేళ్లతో మిషన్ ముట్టుకుని చెవిలో పెట్టుకుంటే చెవి గొట్టంలోని పలచటి చర్మం మండిపోతుంది, గోకితే పుండు పడుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే మిషన్ తియ్యడం, పెట్టడం.

మిషన్ బయటి ముఖం మీద, సెల్లు తలుపు పక్కన, సూదిమొనంత రంధ్రం ఉంటుంది. కొన్నింటికి రెండు. అది మైకు. కారం దుమ్ము చెమటతో కలిసి అక్కడ పేరుకుంటే గార్డ్ శుభ్రంగా ఉన్నా మాట మసకబారుతుంది. మిషన్‌తో ఇచ్చిన మెత్తటి బ్రష్‌తో రోజూ దులపండి. దులిపేటప్పుడు మైకు ముఖం నేలవైపు ఉండాలి. పైకి పెట్టి దులిపితే దుమ్మంతా మైకులోకే దిగుతుంది. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. మిషన్ పొడవునా ఈ కొస నుంచి ఆ కొసకి ఒక సన్నటి గాలిదారి ఉంటుంది, వెంట్ అంటారు. అందులోంచి నైలాన్ దారం లాంటి క్లీనర్‌ని ఒకవైపు నుంచి దూర్చి రెండోవైపు నుంచి లాగెయ్యండి.

రాత్రి తీయగానే పొడిగుడ్డతో తుడిచి పెట్టండి, బ్రష్ పని పొద్దున చెయ్యండి. గుబిలి రాత్రికి ఎండుతుంది కాబట్టి బ్రష్‌కి పొడిగా రాలిపోతుంది. తడిగా ఉండగా రుద్దితే జాలీలోకి పులుముకుంటుంది. నీళ్లు, స్పిరిట్, శానిటైజర్ ఏవీ తగలనివ్వకండి.

రోజువారీ శుభ్రం ఇంట్లోనే చేసుకున్నా, సీజన్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి క్లినిక్‌లో వాక్యూమ్ పెట్టించి మైకు కవర్ మార్పించండి. మీ పనికి ఇది దండగ ఖర్చు కాదు.

ప్రశ్న: అన్నం తినేటప్పుడు, దిండు మీద పడుకున్నప్పుడు మా అమ్మ మిషన్ కుయ్‌మని కూస్తోంది. పక్కనున్న మాకు వినిపిస్తోంది, ఆవిడకి మాత్రం వినపడదు!
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మిషన్ పెంచిన శబ్దం చెవిలోంచి సందు చూసుకుని బయటికొచ్చి, మళ్లీ మైకులో పడి, తిరిగి పెరగడమే ఈ కూత. కూత కీచుమనే శబ్దం, పెద్ద వయసులో వినికిడి తగ్గేది ముందుగా ఇలాంటి కీచు శబ్దాల్లోనే. ఆవిడకి వినపడకపోవడం అందుకే. పడుకున్నప్పుడు దిండు మైకుని మూసి శబ్దాన్ని వెనక్కి కొడుతుంది కాబట్టి ఆ కూత సహజమే. పడుకునే ముందు ఎలాగూ తీసెయ్యాలి.

అన్నం తినేటప్పటి కూత వేరు. దవడ కదిలితే చెవి గొట్టం ఆకారం మారుతుంది, అక్కడ సందు పడుతోంది. ఒక పరీక్ష చెయ్యండి. మిషన్ కూస్తుండగా వేలితో దాన్ని మెల్లగా లోపలికి నొక్కండి. కూత ఆగితే, సరిగ్గా పెట్టుకోకపోవడమో, అచ్చు వదులవడమో. ఆగకపోతే చెవిలో గుబిలికి శబ్దం తగిలి వెనక్కొస్తోందేమో చూపించాలి. ఈమధ్య ఆవిడ బాగా చిక్కినా, కొత్తగా కట్టుడు పళ్లు పెట్టించుకున్నా అచ్చు వదులయ్యే అవకాశం ఉంది.

పెట్టుకునే పద్ధతి కూడా ఒకసారి గమనించండి. కుడి చెవికైతే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలితో మిషన్ పట్టుకుని, ఎడమచేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిడొప్పను పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు వంపు తిరిగిన గొట్టం కాస్త తిన్ననవుతుంది. కొన ముందు దూర్చి, కొంచెం వెనక్కి తిప్పుతూ నెట్టాలి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా కూత వస్తుంది.

అచ్చు మళ్లీ తీయించాల్సొస్తే, చెవిలో సిలికాన్ నింపి గట్టిపడేదాకా నోరు తెరిచి ఉంచమంటారేమో అడగండి. నోరు తెరిచి తీసిన అచ్చుతో చేసిన మిషన్ నమిలేటప్పుడు తక్కువ కూస్తుంది. వారంటీలో ఉంటే అచ్చు మార్చి ఇవ్వడం చాలా కంపెనీల్లో ఉచితమే. గడువు మాత్రం బిల్లు మీద చూసుకోండి.

ప్రశ్న: గోధుమరంగు స్టిక్కరున్న 312 సెల్లు వాడుతున్నాను. ఒకటి నాలుగు రోజులు కూడా రావట్లేదు. నకిలీవా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: నకిలీవి కాకపోవచ్చు. ఇవి జింక్–ఎయిర్ సెల్లు, గాలిలోని ఆక్సిజన్ తగిలితేనే పనిచేస్తాయి. స్టిక్కరు పీకగానే మిషన్‌లో పెట్టేస్తే గాలి చాలక సెల్లు నీరసంగా మొదలవుతుంది. పీకి, రంధ్రాలున్న వైపు పైకి పెట్టి, మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. స్టిక్కరు మళ్లీ అంటిస్తే సెల్లు ఆగిపోదు, కాబట్టి "రేపటికి సిద్ధంగా" అని ముందే పీకి ఉంచుకోవద్దు.

రోజూ వాడకంలో 312 సెల్లు సుమారు వారం వస్తుంది. పసుపు స్టిక్కరున్న 10 నంబరుకి మూడు నుంచి అయిదు రోజులు, నారింజ రంగు 13 నంబరుకి పది రోజుల పైన. మిషన్ శక్తిని బట్టి, ఫోను బ్లూటూత్‌లో ఎంతసేపు వింటారన్నదాన్ని బట్టి తగ్గుతుంది. కృష్ణ ఒడ్డున మన ఉక్కపోతలో గాలిలోని తేమ కూడా సెల్లు ఆయుష్షు తినేస్తుంది. రాత్రి సెల్లు తలుపు తెరిచి ఉంచితే మిషన్ వాడకం ఆగుతుంది, లోపలి చెమ్మ కూడా పోతుంది.

ఫ్రిజ్‌లో దాచకండి, బయటికి తీయగానే నీరు పట్టి తుప్పు మొదలవుతుంది. జేబులో చిల్లరతో కలిపి వెయ్యకండి. తలుపు మూసుకోకపోతే సెల్లు తిరగబడి ఉన్నట్టే. రంధ్రాలున్న చదునువైపు ప్లస్ గుర్తు వైపుండాలి, బలవంతం చేస్తే తలుపు విరుగుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే వాడేసిన సెల్లు కూడా అందనివ్వకండి. పిల్లలు మింగారని అనుమానమొచ్చినా, ముక్కులో చెవిలో పెట్టుకున్నా ఒక్క క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ప్రశ్న: తలస్నానానికి వెళుతూ మిషన్ తీయడం మర్చిపోయాను. ఇప్పుడు గరగరమంటోంది. బియ్యం డబ్బాలో పెట్టాను. సరేనా?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: బియ్యంలోంచి తీసెయ్యండి. బియ్యప్పొడి, తవుడు మైకులోకి పోతాయి, తడి పెద్దగా పీల్చవు కూడా. సెల్లు తీసి పడెయ్యండి. తలుపు పూర్తిగా తెరిచి, మిషన్‌ని అరచేతిలో మెల్లగా విదిలించి, పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న మూత గట్టి డబ్బాలో కనీసం ఒక రోజు ఉంచండి. హెయిర్ డ్రయ్యరు, ఎండ, పొయ్యి పక్కన – ఏవీ వద్దు. వేడికి రిసీవర్ పొర దెబ్బతింటుంది. ఆరాక కొత్త గార్డ్, కొత్త సెల్లు వేసి చూడండి. అప్పటికీ గరగరమంటే క్లినిక్‌కే.

మే నెలలోనే కాదు, వానాకాలంలో కూడా ఆ డబ్బా రోజూ రాత్రి వాడాలి. సెల్లు మాత్రం అందులో పెట్టకండి, లోపలి తడి ఆరిపోయి సెల్లు చచ్చిపోతుంది. గుళికలు నారింజ నుంచి ఆకుపచ్చకి, లేదా నీలం నుంచి గులాబీకి మారితే ఇక తడి పీల్చలేవు, మార్చెయ్యాలి. చార్జింగ్ పెట్టే రకం మిషన్ తడిస్తే మాత్రం ఆరేదాకా చార్జర్లో పెట్టొద్దు.

ప్రశ్న: మిషన్ పెట్టి పది రోజులైంది. నా గొంతు నాకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది. పైగా చెవిలో ఒకచోట నొప్పి. తీసి బీరువాలో పెట్టాలనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: బీరువాలో మాత్రం పెట్టకండి. మీ గొంతు ప్రకంపనలు ఎముకల ద్వారా చెవి గొట్టంలోకి వస్తాయి. మామూలుగా బయటికి పోయేవి, ఇప్పుడు మిషన్ మూసేసరికి లోపలే మోగుతున్నాయి. రోజూ పేపరు పది నిమిషాలు పైకి చదవండి, మూడు నాలుగు వారాల్లో చాలామందికి అలవాటవుతుంది. కాకపోతే వెంట్ పెద్దది చేయించవచ్చు, ప్రోగ్రాం మార్పించవచ్చు. వెంట్ మరీ పెద్దదైతే కూత మొదలవుతుంది, అందుకే కొద్దికొద్దిగా చేస్తారు.

నొప్పి మాత్రం ఓర్చుకోవాల్సింది కాదు. గరుకు కాగితంతో ఇంట్లో అరగదీయకండి. క్లినిక్‌కి వెళ్లేముందు రెండు గంటలు మిషన్ పెట్టుకుని ఉండండి. ఒత్తుకున్న చోట ఎర్రటి మచ్చ కనిపిస్తే వాళ్లు సరిగ్గా అక్కడే అరగదీస్తారు.

ప్రశ్న: అమ్మకి కంటిచూపు తక్కువ, చేతులు కాస్త వణుకు. బయటికి కనపడని చిన్న మిషన్ కావాలంటోంది. మా ఆరేళ్ల పాపకి కూడా మిషన్ చెప్పారు, అలాంటిదే తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరికీ వద్దనే చెబుతాం. పూర్తిగా లోపలికెళ్లే మిషన్‌లో మైకు ఒకటే ఉంటుంది, పెళ్లిమండపం లాంటి రొదలో మాట విడదీయడం దానికి కష్టం. అందులో వేసే పదో నంబరు సెల్లు వణికే చేతికి చిక్కదు. చెవి డొప్పను నింపే పెద్దరకం అచ్చు మిషన్, వీలైతే చార్జింగ్‌ది, అమ్మగారి చేతికి సరిపోతుంది. దాచుకోవాలన్న ఆవిడ కోరిక అర్థం చేసుకోదగ్గదే. అయినా సొంతంగా పెట్టుకోలేని మిషన్ నెలకే డ్రాయరు చేరుతుంది. వినికిడి మిషన్‌కి జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే నిలదీయండి.

పాప చెవి పెరుగుతోంది. చెవి వెనక పెట్టే మిషన్, మెత్తటి అచ్చు ఆమెకి సరైనవి. చెవి పెరిగేకొద్దీ అచ్చు ఒక్కటే మారుస్తారు, మిషన్ అదే ఉంటుంది.

ప్రశ్న: ఎడమ చెవి నిన్న పొద్దున లేచేసరికి బాగా తగ్గిపోయింది. మిషన్ సౌండు పెంచుకుంటే సరిపోతుందా? కొబ్బరినూనె వేసి చూడమంటున్నారు.
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం చేరగానే ఫోన్లో చెప్పాం, మిగతావాళ్ల కోసం ఇక్కడా రాస్తున్నాం. గార్డ్ మార్చి చూడండి, శబ్దం మళ్లీ పెరిగితే లోపం మిషన్‌ది, పెరగకపోతే చెవిదే కావచ్చు. చెవిదైతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. హఠాత్తుగా తగ్గిన వినికిడికి స్టెరాయిడ్ వైద్యం మొదటి రోజుల్లో ఇస్తేనే ఫలితం ఎక్కువ, రెండు వారాలు దాటితే ఆశ తగ్గుతుంది. గుంటూరు జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. నూనె వెయ్యకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి పోయి చీము పడుతుంది. చీము కారే చెవికి ఎండేదాకా ఈ అచ్చు మిషన్ పెట్టకూడదు.