లైకులు కొట్టేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: బొమ్మలు వేస్తున్నాం, కొనేవాళ్లు దొరకడం లేదు. అందుకని రంగులు, బ్రష్షుల సందేహాలు వచ్చే నెలకు వాయిదా వేసి వీటినే తీసుకున్నాను. కొత్త పాఠకుల కోసం నా సంగతి ఒక్క ముక్క. పద్దెనిమిదేళ్లు పగలు ఫ్రేములు కట్టాను, రాత్రిళ్లు బొమ్మలు వేశాను. బొమ్మలు ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో నాకు తెలిసిందంతా ఫ్రేము బల్ల ఇవతల నిలబడి విన్నదే.

ప్రశ్న: మాస్టారూ, ఎనిమిదేళ్లుగా వాటర్ కలర్స్ వేస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఏ బొమ్మ పెట్టినా ‘సూపర్’, ‘అద్భుతం’ అని కామెంట్లే. ఇప్పటిదాకా అమ్ముడైనవి మాత్రం నాలుగే, అవి కూడా తెలిసినవాళ్లు కొన్నవే. అసలు కొనేవాళ్లు ఎక్కడుంటారు?

జవాబు: అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘తెలిసినవాళ్లు కొన్నవే’ అని మీరు కాస్త చిన్నతనంగా రాశారు. మరి ఎవరు కొంటారనుకున్నారు?

డచ్ చిత్రకారుడు వాన్ గోగ్ బతికుండగా ఒకే ఒక్క బొమ్మ అమ్ముడైందని అందరూ చెప్పుకుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు గానీ, వాళ్లు చెప్పే ‘ఎర్ర ద్రాక్షతోట’నే తీసుకుందాం. 1890లో బ్రసెల్స్ ప్రదర్శనలో దాన్ని కొన్నావిడ అన్నా బాక్. ఆవిడా చిత్రకారిణే. పైగా ఆవిడ తమ్ముడు యూజీన్ వాన్ గోగ్‌కు స్నేహితుడు. అతణ్ని నక్షత్రాల ఆకాశం ముందు కూర్చోబెట్టినట్టు 1888లోనే బొమ్మ వేశాడు వాన్ గోగ్. అంటే కొన్నది స్నేహితుడి అక్క. అంతకు ముందు, 1882లో, నగర దృశ్యాల డ్రాయింగులు కావాలని ఆర్డరిచ్చి డబ్బిచ్చింది ఎవరంటే సొంత బాబాయి. అంతటివాడికే మొదటి గిరాకీ చుట్టాల నుంచి, స్నేహితుల తోబుట్టువుల నుంచి వచ్చింది. మీకు నలుగురు తెలిసినవాళ్లు కొన్నారంటే అందులో సిగ్గుపడాల్సిందేముంది?

ముక్కూ మొహం తెలియనివాళ్లు కొనరని నేననడం లేదు. కొంటారు. అది ఎప్పుడో తగిలే లాటరీ. మొదటి ఇరవై బొమ్మలు మాత్రం మీ తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లే తీసుకుంటారు. కాబట్టి మీరు వెతకాల్సింది ఆరు వేల మంది ఫాలోవర్లలో కాదు. ఆ నలుగురి ఇళ్లకు వచ్చిపోయే జనంలో.

ఒక మాట అడుగుతాను. ఆ నలుగురితో బొమ్మ ఇచ్చాక మళ్లీ ఎప్పుడైనా మాట్లాడారా? బొమ్మ ఏ గోడకు పెట్టారో చూశారా? చూసి ఉండరు. అమ్మేశాక మళ్లీ పలకరిస్తే ఇంకోటి అంటగట్టడానికి వచ్చాడనుకుంటారేమోనని మనవాళ్లకు మహా మొహమాటం. నాకూ ఉండేది. ఫ్రేముల పనిలోకి వచ్చాకే అది పోయింది. బొమ్మ కొన్నవాళ్లు దాని గురించి మాట్లాడటానికి మనిషి కోసం మొహం వాచి ఉంటారు. ఫ్రేము రంగు ఎంచుకోవడానికి పది నిమిషాలు చాలు. వాళ్లు గంట కూర్చునేవారు. ఒకావిడ చిన్న వాటర్ కలర్‌ను తువ్వాల్లో చుట్టి తెచ్చింది. బొమ్మలో ఖాళీ కుర్చీ, దాని మీద మడిచిన దుప్పటి, అంతే. ‘మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లినట్టుంది కదండీ’ అంది. ఆ మాట బొమ్మ వేసినవాళ్లకు తెలుసో లేదో. తెలిస్తే ఇంకో పది కుర్చీలు వేసి ఉండేవారు.

అందుకే చెబుతున్నాను, ముందు ఒక నోటుబుక్కు కొనండి. ఏ బొమ్మ, ఎంత సైజు, ఎప్పుడు, ఎవరికి, ఎంతకు, ఎవరి ద్వారా వచ్చారు, కొనేటప్పుడు ఏమన్నారు, అన్నీ రాయండి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో రోమ్‌లో ఉండి ప్రకృతి దృశ్యాలు వేసిన క్లోద్ లొరేన్, తన ఒక్కో పెయింటింగ్‌ను చూసి ఒక పుస్తకంలో చిన్న డ్రాయింగ్ వేసుకునేవాడు. ఆ కాగితాల వెనక ఎవరి కోసం వేశాడో రాసుకునేవాడు. నకిలీలు పుట్టుకొస్తుంటే వాటిని పట్టుకోవడానికి కూడా అది పనికొచ్చింది. దాదాపు 200 డ్రాయింగులు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

నా నోటుబుక్కు అంత అందంగా ఏమీ ఉండదు. ఉదాహరణకు ఒక పేజీలో ఇలా ఉంది: ‘పళ్ల డాక్టరు గారి భార్య. వాన బొమ్మ తీసుకుంది. నీలం అంటే ప్రాణం. మెట్ల పక్క గోడ ఖాళీ, నిలువుది కావాలి. చెల్లెలు కూడా అడిగింది.’ ఎనిమిది నెలల తర్వాత నిలువుగా ఒక నీలం బొమ్మ వేసినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో నాకు ఆలోచించే పని లేకపోయింది. ఆ నిలువు బొమ్మ చెల్లెలు కొంది. అక్కకు కోపమొచ్చి ఇంకోటి వేయించుకుంది!

ఇక ఇన్‌స్టాగ్రామ్ మాట. మానేయక్కర్లేదు, కానీ దాన్ని షాపులా కాక షాపు కిటికీలా చూడండి. మీ పేజీ చూశాను. ఒక్క బొమ్మకూ సైజు లేదు, ధర లేదు. ‘వివరాలకు మెసేజ్ చేయండి’ అన్నారు. మెసేజ్ చేసి ధర అడిగి, అది అందుబాటులో లేకపోతే ‘వద్దు’ అనడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఆ ఇబ్బంది పడటం ఇష్టం లేక చాలామంది అసలు అడగనే అడగరు. ధర రాసేయండి. ఫొటో కూడా బొమ్మ ఒక్కదాన్నే కాకుండా గోడ మీద, పక్కన కుర్చీనో బల్లనో పెట్టి ఇంకొకటి తీయండి. అరచేతంత బొమ్మా తలుపంత బొమ్మా ఫోన్‌లో ఒకేలా కనిపిస్తాయి.

ఏడాదికి రెండుసార్లు, మీరు పనిచేసుకునే గదిలోకే జనాన్ని పిలవండి. కొన్న నలుగురినీ పిలిచి, ఒక్కొక్కరిని ఇద్దరిద్దరిని వెంటబెట్టుకు రమ్మనండి. గది సర్దేయకండి. సగంలో ఉన్న బొమ్మ, పాడైపోయిన కాగితాలు, రంగు నీళ్ల గ్లాసులు కనబడనివ్వండి. పూర్తయిన బొమ్మ ముందు నోరు విప్పడానికి భయపడేవాళ్లు సగం బొమ్మ ముందు ధారాళంగా మాట్లాడతారు.

ప్రశ్న: బొమ్మలు సేకరించే కలెక్టర్లంతా కోటీశ్వరులే కదా సార్? మనలాంటివాళ్లు వాళ్లను ఎలా చేరుకోవాలి?

జవాబు: కలెక్టర్ అనగానే ఎర్ర బుగ్గ కారు గుర్తొస్తే తప్పు మీది కాదు, ఆ మాటది. హెర్బర్ట్, డొరతీ వోగెల్ అని న్యూయార్క్‌లో ఒక భార్యాభర్తలుండేవారు. ఆయన రాత్రి డ్యూటీలో ఉత్తరాలు విడదీసే పోస్టాఫీసు గుమస్తా, ఆవిడ లైబ్రేరియన్. ఆవిడ జీతంతో ఇల్లు గడుపుకుని, ఆయన జీతంతో బొమ్మలు కొనేవారు. వాళ్ల షరతులు రెండే: మన డబ్బుకు అందాలి, మన చిన్న అపార్ట్‌మెంట్‌లో పట్టాలి. నేరుగా ఆర్టిస్టుల దగ్గరికి వెళ్లి, గంటలకొద్దీ చూసి, ఒక్కోసారి వాయిదాల్లో డబ్బిచ్చి తెచ్చుకునేవారు. అలా పోగైనవి 4 వేలకు పైనే. 1992లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు అప్పగించడం మొదలుపెట్టారు. 2008లో అమెరికాలోని 50 రాష్ట్రాలకూ, ఒక్కో రాష్ట్రంలో ఒక మ్యూజియానికి 50 చొప్పున పంచే ఏర్పాటు చేశారు.

నా లెక్కలో మీ దగ్గర మూడో బొమ్మ కొన్న మనిషే కలెక్టరు. మొదటిది గోడ కోసం కొంటారు. రెండోది మొదటిదానికి తోడుగా. మూడోది పెట్టడానికి గోడ ఉండదు, అయినా కొంటారు. అలాంటివాళ్ల కోసం చిన్న సైజు బొమ్మలు ఎప్పుడూ కొన్ని సిద్ధంగా ఉంచుకోండి. వాయిదాలడిగితే మొహం చిట్లించకండి, కాగితం మీద రాసుకుని ఇవ్వండి.

ప్రశ్న: ఒక గ్యాలరీ వాళ్లు నా పెయింటింగులు పెడతామన్నారు. అమ్మకంలో సగం వాళ్లకట. ఇది దోపిడీ కాదా? ఇంకో చోట గోడకు అద్దె కడితే చాలు, కమీషన్ వద్దంటున్నారు. ఏది మేలు?

జవాబు: సగం అన్నది చాలాచోట్ల ఉన్న మాటే. దానికి బదులు వాళ్లేమిస్తున్నారో అడగండి. గ్యాలరీ ఆస్తి గోడలూ లైట్లూ కాదు, వాళ్ల దగ్గరున్న కొనేవాళ్ల పేర్లు. ఫ్రాన్స్‌లో అప్పటికి కొత్త తరహాలో బొమ్మలు వేస్తున్న ఇంప్రెషనిస్టులను నమ్మి బొమ్మలు కొని కొని అప్పులపాలైన డీలర్ పాల్ డ్యురాన్-రుయెల్, 1886లో సుమారు 300 బొమ్మల్ని న్యూయార్క్ పట్టుకెళ్లి, అక్కడ కొత్త కొనుగోలుదారుల్ని పుట్టించాడు. అలా మీ తరఫున పదిమందికి ఫోన్ చేసేవాళ్లకు సగం ఇచ్చినా నష్టం లేదు. గోడ అద్దె తీసుకునేవాళ్లకు మీ బొమ్మ అమ్ముడైనా కాకపోయినా ఒకటే, వాళ్ల డబ్బు ముందే వచ్చేసింది. ఇక వాళ్లెందుకు కష్టపడతారు?

ఏదైనా సరే, కాగితం లేకుండా బొమ్మ గడప దాటించకండి. ఈ ఒక్క విషయంలో నాది అనుభవం. ఒకచోట ఐదు కాన్వాసులు నోటి మాట మీద ఇచ్చాను. ఏడాది తర్వాత మూడు తిరిగొచ్చాయి, అందులో ఒకదానికి మూల దగ్గర జానెడు చిరుగు. మిగతా రెండూ అమ్ముడయ్యాయా, పోయాయా అంటే ‘చూసి చెబుతాం’ అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. ఎన్ని బొమ్మలు, ఏ సైజు, ధర, ఎవరి వాటా ఎంత, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బివ్వాలి, పాడైతే ఎవరు భరించాలి, ఎన్నాళ్లుంచుకుంటారు, ఇవన్నీ రాసి రెండు వైపులా సంతకాలు. కొన్నవాళ్ల పేరు మీకు చెబుతారో లేదో కూడా ముందే అడగండి. చాలామంది చెప్పరు. అక్కడ పెట్టిన ధరకన్నా మీ గదిలో తక్కువకు అమ్మడం మాత్రం చేయకండి. ఆ మాట దాగదు.

ప్రశ్న: విదేశం నుంచి ఒకాయన మెయిల్ పంపాడు. పెళ్లిరోజుకు భార్యకు కానుకగా నా బొమ్మలు మూడు కావాలట. బేరం కూడా ఆడలేదు. చెక్కు కాస్త ఎక్కువ మొత్తానికి పంపుతాడట, మిగిలింది తన ట్రాన్స్‌పోర్టు మనిషికి పంపమంటున్నాడు. ఆనందంతో నిద్ర పట్టడం లేదు.

జవాబు: బాబూ, పడుకోండి. అది మోసం. ఆ చెక్కు మొదట మీ ఖాతాలో పడినట్టే కనిపిస్తుంది. మీరు ‘మిగిలింది’ పంపేశాక అది చెల్లదని తేలుతుంది. పోయేది మీ సొంత డబ్బు. భార్య, పెళ్లిరోజు, తొందర, ట్రాన్స్‌పోర్టు మనిషి, ఈ నాలుగూ ఒకే మెయిల్‌లో కనబడితే జవాబే రాయకండి. నిజంగా కొనేవాడు బొమ్మ గురించి ఏదో ఒకటి అడుగుతాడు. ఈయన ఒక్క ప్రశ్నయినా అడిగాడా?

ప్రశ్న: బొమ్మ మీద సంతకం పెడితే అందం పోతోందనిపిస్తోంది. తప్పనిసరా?

జవాబు: ముందువైపు మీ ఇష్టం. వెనకవైపు మాత్రం తప్పనిసరి. పేరు విడివిడిగా, చదవగలిగేలా, పక్కన బొమ్మ పేరు, ఏడాది, వాడిన రంగులు, మిమ్మల్ని ఎలా పట్టుకోవాలో, అన్నీ రాయండి.

ఒకసారి ఒక పెద్దాయన పాత ఫ్రేము చెదలు పట్టిందని కొత్తది వేయించడానికి వచ్చారు. బొమ్మలో గాలికి వంగిన గడ్డి, ఒక పాత సైకిలు, ఎవరూ లేరు. ‘ఈ మనిషిదే ఇంకొకటి ఉంటే ఎంతైనా ఇచ్చి కొంటాను, మీకు తెలిసుంటుంది కదా’ అన్నారు. సంతకం ఉంది. రెండు గీతలు, ఒక మెలిక. ‘ర’ అని నేనన్నాను, ‘ఠ’ కావచ్చని ఆయనన్నారు. భూతద్దం తెచ్చాను. వెనక అట్ట విప్పాను, కాన్వాస్ అంచులు చూశాను, చట్రం లోపలి వైపు కూడా చూశాను. ఎక్కడా అక్షరం లేదు. ఆయనకు అమ్మిన షాపు ఎప్పుడో మూసేశారట. తెలిసిన ఆర్టిస్టులకు ఫొటో చూపించాను, ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయన ఆ తర్వాత రెండుసార్లు వచ్చి ‘ఏమైనా తెలిసిందా’ అని అడిగి వెళ్లారు.

కొత్త ఫ్రేములో బిగించేటప్పుడు వెనక ఏదైనా రాద్దామని పెన్సిల్ తీశాను. రాయడానికి నాకు మాత్రం ఏం తెలుసు గనక, మళ్లీ పక్కన పెట్టేశాను.