ఈమధ్య చూసిన సినిమాల్లో మీకు ఏది నచ్చింది, ఎందుకు?

నెల రోజుల్లో మూడు చూశాను. ఒకటి హాల్లో, పెద్ద హీరోది, పేరు చెప్పను, ఫ్యాన్స్ వచ్చి ఇక్కడే తిరనాళ్ళ పెడతారు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ క్యూలో ఇరుక్కుపోయిన మా ఆయన ఇరవై నిమిషాలకి వచ్చి "కథ ఎందాకా వచ్చింది?" అంటే చెప్పడానికి నాకేం దొరకలేదు. అంతే దాని సంగతి.

మిగతా రెండూ ఇంట్లోనే. నచ్చింది మాత్రం '35 చిన్న కథ కాదు'. 2024లో వచ్చింది, నేనే ఆలస్యం. తిరుపతిలో బస్ కండక్టర్ ప్రసాద్, భార్య సరస్వతి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అరుణ్‌కి లెక్కలు ఎక్కవు. మొద్దు కాదు, వాడిదో అనుమానం: సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కంటే పెద్దదెలా అయింది? లెక్కల సారేమో వాడి పేరే జీరో చేసేస్తాడు.

అక్కడ నాకు ఎక్కడో కలుక్కుమంది. ఏడో తరగతిలో మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందని అడిగినందుకు మా సారు "అది రూలు" అని బెంచీ ఎక్కించారు, పైన తిరుగుతున్న ఫ్యాను నెత్తికి తగులుతుందేమోనని పీరియడ్ అయ్యేదాకా మెడ వంచుకునే నిలబడ్డాను, ఆ తర్వాత టెన్త్ దాకా దేన్నీ ఎందుకు అని అడిగితే ఒట్టు, అన్నీ బట్టీయే.

మా అమ్మాయి ఆరో తరగతి. రిమోట్ లాక్కుని సినిమా ఆపేసి, పాల లెక్క రాసుకునే కాగితం వెనక 01 అని ఒకసారి, 10 అని ఒకసారి రాసి, "ఎడమ పక్కనుంటే ఏం కాలేదు, కుడి పక్కకి రాగానే పదయింది, చూడమ్మా" అంది. ఈ పది నిమిషాల కోసమే ఆ సినిమా నాకు నచ్చిందేమో.

టెన్త్ తప్పిన తల్లి కొడుకు కోసం మళ్ళీ లెక్కల పుస్తకం పట్టుకునే సీన్లలో నివేదా థామస్ నటించినట్టే ఉండదు. తెలంగాణ ప్రభుత్వం ఆమెకి గద్దర్ అవార్డు ఊరికే ఇవ్వలేదు. వంక పెట్టాలంటే సెకండాఫ్ కొంచెం సాగింది, ప్రియదర్శి చేసిన సారు పాత్రని మొదట్లో మరీ కఠినంగా దిద్దారు.

మూడోది 'కోర్ట్'. అందులోనూ ప్రియదర్శే, ఈసారి లాయరు. పోక్సో కేసులో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులో, ఇరుక్కున్న కుర్రాడి కథ. శివాజీ చేసిన మంగపతిని చూస్తుంటే మా చుట్టాల్లో ఒకరిద్దరు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. వాదనలు మాత్రం హీరోకి అనుకూలంగా సులువుగా దొర్లిపోయాయనిపించింది. పిల్లలకి చూపించేముందు మీరొకసారి చూడండి.

అన్నట్టు, నా మైనస్ సంగతి మా అమ్మాయికి చెప్పాను. వాళ్ళ టీచర్ని అడుగుతానని సోమవారం వెళ్ళింది, ఇంకా ఏం చెప్పలేదు.