నియోజకవర్గం లేని ఎంపీ

ప్రశ్న: మాస్టారూ, రెండు సంచికల కిందట రాజ్యసభ గురించి రాస్తూ న్యూజిలాండ్ 'జాబితా ఎంపీ'ల మాట తెచ్చి మధ్యలో వదిలేశారు. నియోజకవర్గమే లేని ఎంపీ ఏమిటండీ? మన దగ్గర ఓడినవాళ్ళను పెద్దల సభకు పంపినట్టు, ఇదీ దొడ్డిదారేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దొడ్డిదారి అన్నచోటే మీతో నాకు పేచీ. రాజ్యసభ సభ్యుణ్ణి మీరూ నేనూ ఎన్నుకోం. అక్కడి జాబితాకు మాత్రం ఓటు వేసేది ఓటరే.

2005 సెప్టెంబరు ఎన్నికలప్పుడు నేను ఆక్లాండ్‌లో మా అబ్బాయి దగ్గరే ఉన్నాను. వాడు ఓటేసి వచ్చి, కరెంటు బిల్లు వెనక బ్యాలెట్ బొమ్మ గీసి చూపించాడు. ఎడమ వరస పార్టీకి, కుడి వరస మనిషికి. ఒక్కో ఓటరుకు రెండు టిక్కులు. మనిషికి వేసిన టిక్కు స్థానిక ఎంపీని తేలుస్తుంది. సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది మాత్రం పార్టీకి వేసిన టిక్కే తేలుస్తుంది. పార్టీకి 5 శాతం ఓట్లయినా రావాలి, ఒక నియోజకవర్గమైనా గెలవాలి. గెలిచిన నియోజకవర్గాలు పోను రావలసిన సీట్లను, ఎన్నికలకు ముందే ప్రకటించిన జాబితాలోంచి పైనుంచి వరసగా నింపుతారు. 1996 నుంచి ఇదే పద్ధతి.

ఆ 5 శాతం గీత మీద నడక కత్తిమీద సామే. 1999లో గ్రీన్ పార్టీకి పోలింగ్ రాత్రి లెక్కల్లో 5 శాతం దాటలేదు, కోరమాండల్ నియోజకవర్గమూ చేజారినట్టే కనిపించింది. తర్వాత ప్రత్యేక ఓట్లు (సొంత నియోజకవర్గం బయటినుంచి వేసినవీ అలాంటివీ) లెక్కపెడితే 5.16 శాతం తేలింది, కోరమాండల్‌లో పార్టీ నాయకురాలు జెనెట్ ఫిట్‌సిమన్స్ 250 ఓట్లతో బయటపడ్డారు. ఏడుగురు సభలోకి వచ్చారు. అందులో జాబితా మీదుగా వచ్చిన ఒకరు సూ బ్రాడ్‌ఫర్డ్. నిరుద్యోగుల హక్కుల కోసం ఆక్లాండ్‌లో ఏళ్ళ తరబడి రోడ్డెక్కి, ఎన్నోసార్లు అరెస్టయిన మనిషి.

ప్రశ్న: ఆరేడుగురున్న పార్టీలో ఒకరు. అలాంటివారు సంతకాలు పెట్టి జీతం తీసుకోవడం తప్ప ఏం చేయగలరు మాస్టారూ?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఒక బిస్కెట్ల డబ్బా ఉందక్కడ. నిజం డబ్బాయే, ఎప్పుడో బజార్లో కొన్నది. మంత్రులు కాని సభ్యులు ప్రతిపాదించే బిల్లులకు అంకెల బిళ్ళలు కేటాయించి అందులో వేస్తారు. చేయి పెట్టి తీసిన బిళ్ళ ఎవరిదైతే వారి బిల్లు సభకు వస్తుంది. పెద్ద పార్టీ, చిన్న పార్టీ అన్న తేడా ఆ డబ్బాకు తెలియదు. మన లోక్‌సభలోనూ ప్రైవేటు బిల్లులకు లాటరీ ఉంది కానీ, 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. బ్రాడ్‌ఫర్డ్ ఒక్కరే మూడు చేయించారు. 16, 17 ఏళ్ళ పనివాళ్ళకు తక్కువ కనీస వేతనం ఇచ్చే పద్ధతిని తగ్గించింది ఒకటి. జైల్లో ఉన్న తల్లులు బిడ్డల్ని రెండేళ్ళ వయసు దాకా దగ్గర పెట్టుకునే వీలు కల్పించింది ఇంకొకటి.

మూడోదే దేశాన్ని ఊపేసింది. అప్పట్లో అక్కడి నేర చట్టం 59వ సెక్షన్ ప్రకారం, పిల్లల్ని కొట్టిన తల్లిదండ్రులు 'దిద్దడానికి తగినంత బలమే వాడాను' అని కోర్టులో తప్పించుకోగలిగేవారు. గుర్రపు కమ్చీతో కొడుకును కొట్టిన తల్లిని కూడా జ్యూరీ వదిలేసింది. ఆ సాకును తీసేయాలన్నది బ్రాడ్‌ఫర్డ్ బిల్లు. 2005లో డబ్బాలోంచి బయటికొచ్చి, రెండేళ్ళు నలిగింది. చివర్లో ప్రధాని హెలెన్ క్లార్క్, ప్రతిపక్ష నేత జాన్ కీ ఒక మాట మీదికి వచ్చి, చిల్లర విషయాల్లో కేసు పెట్టాలా వద్దా అన్నది పోలీసుల విచక్షణకే వదిలారు. 2007 మేలో 113 మంది అవునన్నారు, 8 మంది కాదన్నారు.

ఆ రోజుల్లో మా అబ్బాయికి ఇక్కడి చుట్టాలంతా ఫోన్లే. 'పిల్లాడి చెవి మెలేస్తే పోలీసులొస్తారటగా!' అని. వాడి చిన్నప్పుడు వీపు విమానం మోత మోగించినవాణ్ణి నేను. వాడు నవ్వుతూ, 'మీ అదృష్టం నాన్నా, మనం తెనాలిలో ఉండేవాళ్ళం' అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

2009లో పోస్టు ద్వారా రెఫరెండం పెడితే 87 శాతం మంది ఆ చట్టానికి ఎదురు ఓటేశారు. ఆ తీర్పుకు కట్టుబడాల్సిన పని లేదు కనుక చట్టం నిలిచింది. పక్క వీధిలో మళ్ళీ ఓటడగాల్సిన ఎంపీ అయితే ఆ బిల్లును డబ్బాలో వేసే ధైర్యం చేసేవారా? నాకు అనుమానమే. జాబితా ఇచ్చే స్వేచ్ఛ అదే. ప్రజలు కాదన్నదాన్ని ఇలా నిలబెట్టడం న్యాయమేనా అని మీరడిగితే, ఆ పిల్లాడి వైపు నుంచి చూస్తే న్యాయమే అంటాను.

ప్రశ్న: మరి బ్రాడ్‌ఫర్డ్ 2009లో పదవి ఎందుకు వదులుకున్నారు? ఉప ఎన్నిక జరిగిందా?
— అదే పాఠకురాలు

జవాబు: గ్రీన్ పార్టీకి ఇద్దరు నాయకులుంటారు. 2009లో ఫిట్‌సిమన్స్ తప్పుకుంటే ఆ స్థానానికి బ్రాడ్‌ఫర్డ్, మెటిరియా టురే పోటీపడ్డారు. పార్టీ టురేను ఎన్నుకుంది. ఓటరు కోపాన్ని తట్టుకున్న మనిషి సొంత పార్టీ ఇచ్చిన జవాబు విని, ఆ అక్టోబరు చివర పార్లమెంటు నుంచి వెళ్ళిపోయారు. ఉప ఎన్నిక లేదు. జాబితా సీటు ఖాళీ అయితే కిందివాడు పైకి జరుగుతాడు, అంతే. డేవిడ్ క్లెండన్ వచ్చి కూర్చున్నారు. పదేళ్ళ పనికి వీడ్కోలు చెప్పేందుకు ఒక ఊరంటూ ఆమెకు లేదు.

2011లో పేదల పక్షమనే మానా పార్టీ తరఫున నిలబడ్డారు, గెలవలేదు. ఆ పార్టీ 2014లో కోటీశ్వరుడు కిమ్ డాట్‌కామ్ పెట్టిన ఇంటర్నెట్ పార్టీతో చేతులు కలిపిందని తెలియగానే అందులోంచీ బయటికొచ్చేశారు. మా అబ్బాయి మాటల్లో చెప్పాలంటే, ఆవిడ పార్టీలు మారలేదు నాన్నా, పార్టీలే మారుతూ పోయాయి.