నెల రోజుల తిండి ఇంట్లో నిల్వ ఉంచదలచిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

వారం రోజులపాటు దారులు మూసుకుపోయి, కరెంటు లేక, ఇంట్లో మిగిలిన కాస్త పిండితోనూ నాలుగు ఉల్లిపాయలతోనూ మీరు నెట్టుకొచ్చిన సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఇకమీదట నెల రోజుల తిండి ఇంట్లోనే ఉండాలని నువ్వు నిశ్చయించుకోవడం మంచిదే. కాని ఉత్తరం చివర నువ్వు రాసిన జాబితా చూసి నాకు కొంచెం కంగారు పుట్టింది. ఏడాదికి సరిపడా ధాన్యం, మూడు డజన్ల గాజు సీసాలు, పెద్ద ఫ్రీజరు, పెరట్లో పదహారు రకాల కూరగాయలు, అన్నీ ఈ నెలలోనే! నేనూ మొదట అలాగే ఉత్సాహపడి, ఇంట్లో ఎవరూ ఇష్టపడని గింజలను బస్తాల లెక్కన కొని, రెండేళ్ల తరువాత వాటిని కోళ్లకు పోసినదాన్ని కనుక నీకు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను. మీరు రోజూ తినేదే నిల్వ ఉంచాలి, నిల్వ ఉంచినదే రోజూ తినాలి. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ మాటకు అనుబంధమే.

ముందు లెక్క వేసుకో. పెద్దవారు ఒకరికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 80 గ్రాముల పప్పు, 30 గ్రాముల నూనె ఉంటే సుమారు 1,900 కిలో కేలరీలు అందుతాయి. కష్టపడి పనిచేసేవారికి అది చాలదు గాని కొన్నాళ్లు నిలదొక్కుకోవడానికి సరిపోతుంది. ఆ ప్రకారం మీ నలుగురికి 30 రోజులకు 48 కిలోల ధాన్యం, పది కిలోలకు కాస్త తక్కువగా పప్పు, దాదాపు 4 లీటర్ల నూనె కావాలి. ఇదంతా ఒక్కరోజున కొనవద్దు. సరుకులకు వెళ్లిన ప్రతిసారీ మామూలుగా తెచ్చుకునే దానికంటే కొంచెం అదనంగా తెచ్చి, మొదట రెండు వారాలకు, తరువాత నెలకు పెంచుకుంటూ పో. కొన్న తేదీని డబ్బా మూత మీద రాసి, కొత్తదాన్ని వెనక పెట్టి, పాతదాన్ని ముందుకు జరిపి వాడుకోవాలి. ఈ జరపడం ఆగిపోయిన రోజునుంచే నిల్వ చెడిపోవడం మొదలవుతుంది.

తిండి గురించి రెండు పేజీలు రాసిన నువ్వు నీటి గురించి ఒక్క ముక్కా రాయలేదు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున చూసుకుంటే నలుగురికి రెండు వారాలకు 224 లీటర్లు కావాలి. నీటి శుభ్రత మీద అనుమానముంటే తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి చల్లార్చుకుంటే చాలు. 2,000 మీటర్లకు మించిన ఎత్తున ఉండేవారు మాత్రం మూడు నిమిషాలు మరిగించాలి. నానబెట్టని పప్పు ఎంత వంటచెరకును మింగుతుందో కూడా ఒకసారి ఆలోచించు. నిల్వ లెక్కలో పొయ్యికి కావలసినదీ చేరాలి.

ఇక ధాన్యం సంగతి. గింజకు శత్రువులు నాలుగు: చెమ్మ, వేడి, గాలి, పురుగు. వీటిలో చెమ్మే పెద్దది. గింజలో తేమ 13 శాతం దాటితే బూజు పడుతుంది, పురుగూ పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఉంచాలంటే 10 శాతం దగ్గరకు దిగాలి. పంటి కింద పెడితే గింజ నలగకుండా పటుక్కున విరగాలని పెద్దవాళ్లు చెప్పే పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. గాలి చొరబడని డబ్బాను అంచుదాకా నింపి బిగిస్తే, లోపల మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును పురుగులే వాడుకుని, ఊపిరాడక అవే చస్తాయి. సగం ఖాళీగా ఉన్న డబ్బాలో ఆ మేలు జరగదు. గుడ్లతో సహా పురుగును చంపాలంటే చిన్న సంచులలో కట్టి, సున్నాకు 18 డిగ్రీల సెల్సియస్ దిగువన నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి. తొందరపడి విప్పితే గింజ మీద తేమ పట్టి, చేసిన పనంతా వృథా అవుతుంది.

పిండిగా కాక గింజగా దాచు. గోధుమ గింజ పొడిగా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది; అదే మొలకభాగంతో సహా పిండి పట్టిస్తే అందులోని నూనెకు గాలి తగిలి కొద్ది నెలల్లోనే ముక్కిపోతుంది. పాలిష్ చేసిన బియ్యం ఎన్నాళ్లయినా ఉంటాయి గాని, తవుడుతో ఉన్న ముడిబియ్యాన్ని ఆరు నెలల్లో వాడేసుకోవడం మంచిది. ఆరోగ్యానికి మంచిదని ముడిబియ్యాన్నే బస్తాలకొద్దీ దాచాలని కోడలు అంటోందని రాశావు. తినడానికి ఆమె మాట సరైనదే, దాచడానికి మాత్రం కాదని నా మాటగా చెప్పు. ఎండు చిక్కుడు గింజల వంటివి వేడిలోనూ చెమ్మలోనూ ఏళ్లపాటు ఉంటే గట్టిపడి, ఎంత ఉడికించినా మెత్తబడవు. వాటినీ తిప్పుకుంటూ ఉండాలి. ఉల్లిపాయలనూ బంగాళాదుంపలనూ ఒకే బుట్టలో పోయవద్దు. రెండూ త్వరగా పాడవుతాయి. దుంపలను చీకటిలో ఉంచు. పచ్చబడి చేదెక్కినవి తినకూడదు.

కూరగాయలను నిల్వచేసే పద్ధతులలో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్నదీ తక్కువ ఖర్చుదీ ఎండబెట్టడమే కనుక నువ్వు దానితోనే మొదలుపెట్టాలి. ముక్కలన్నీ ఒకే మందంలో, 3 నుంచి 6 మిల్లీమీటర్లుగా కోసి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, వెంటనే చల్లటి నీటిలో ముంచి ఆరబెట్టాలి. అలా ఉడుకు తగిలితే రంగునూ రుచినీ మార్చేసే ఎంజైములు చచ్చిపోతాయి. ఎండ 30 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 60 శాతం లోపు ఉన్న రోజులైతేనే ఎండలో పెట్టు. ముసురు పట్టిన రోజున పెట్టిన ముక్కలు ఎండకముందే పులిసిపోతాయి. అలాంటప్పుడు 60 డిగ్రీల వేడి నిలకడగా ఇచ్చే డ్రైయరు మేలు. కూరగాయ ముక్క విరిచితే ఫెళ్లున విరగాలి, పండు ముక్క తోలులా వంగాలి. ఎండిన పండ్ల ముక్కలను సీసాలో వదులుగా పోసి వారం రోజులపాటు రోజుకొకసారి కుదుపుతూ ఉండు. లోపలి గోడకు చెమ్మ పట్టినట్టు కనబడితే మళ్లీ ఎండబెట్టవలసిందే.

ఉప్పులో పులియబెట్టడం కూడా నీకు సులువుగానే అబ్బుతుంది. కిలో క్యాబేజీ తరుగుకు 20 నుంచి 25 గ్రాముల ఉప్పు చేర్చి, నీరు ఊరేదాకా పిసికి, ఆ నీటిలో ముక్క పూర్తిగా మునిగేలా పైన బరువు పెట్టాలి. ఉప్పును చెంచాలతో కాక త్రాసుతో తూచు. ఉప్పు చెడ్డ సూక్ష్మజీవులను అణచి ఉంచినంతసేపట్లో లాక్టిక్ ఆమ్లం పుట్టించే బాక్టీరియా పెరిగి, తొట్టిని పులుపుతో నింపి, అక్కడినుంచి కాపలా తానే కాస్తుంది. నీటి పైకి తేలిన ముక్క దగ్గరే చెడు మొదలవుతుంది. పలచని తెల్లటి తెట్టు కట్టితే తీసేయవచ్చు గాని, నూగులాంటి రంగు బూజు పట్టితే మొత్తం పారబోయాలి.

ఇప్పుడు నీ మూడు డజన్ల సీసాల దగ్గరకు వస్తాను. ఇక్కడ మాత్రం కాస్త నిదానంగా చదువు. ఆహారాన్ని సీసాలో మూసి వేడిచేస్తే చెడిపోదని ఫ్రాన్సులో నికొలా అపెర్ అనే మిఠాయి తయారీదారు కనుగొని 1810లో ప్రకటించాడు. ఎందుకు చెడిపోదో చెప్పడానికి, చెడగొట్టేది సూక్ష్మజీవులేనని చూపిన శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ దాకా, అంటే దాదాపు అర్ధ శతాబ్దం, ఆగవలసి వచ్చింది. కారణం తెలియకుండానే పని సాగిపోవడమే ఇందులో ఉన్న మోసం. క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు, మట్టిలో ఉంటాయి, కూరగాయలతో ఇంట్లోకి వస్తాయి, నీరు మరిగే 100 డిగ్రీల వేడికి చావవు. గాలి లేని, పులుపు లేని, గది వేడిలో ఉన్న సీసా వాటికి పుట్టిల్లు. అక్కడ అవి మొలకెత్తి తయారుచేసే విషానికి రంగు లేదు, వాసన లేదు. ఎంత కొద్దిగా లోపలికి వెళ్లినా ప్రాణం తీయగలదు.

నేను ఈ పని నేర్చుకుంటున్న కొత్తలో పచ్చి చిక్కుళ్లను సీసాలకెత్తి, గంటసేపు నీటిలో మరిగించి అటక మీద పెట్టాను. మూడో వారానికి రెండు సీసాల మూతలు ఉబ్బాయి. వాటిని పారేసి, ఉబ్బనివి బాగున్నాయనుకుని ఇంటిల్లిపాదికీ వండిపెట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా అదృష్టమే గాని తెలివి కాదు.

కనుక హద్దు గుర్తుపెట్టుకో. పులుపును కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 గాని అంతకు తక్కువ గాని ఉన్న పుల్లటి పదార్థాలను, అంటే చాలా రకాల పండ్లు, జాములు, తగినంత వెనిగరు పోసిన ఊరగాయలు, వీటిని మరిగే నీటిలో సీసాలకెత్తవచ్చు. టమాటా ఆ హద్దు మీదనే ఊగుతుంటుంది కనుక అర లీటరు సీసాకు అంగట్లో సీసాలో అమ్మే నిమ్మరసం 15 మిల్లీలీటర్లు గాని, పావు చిన్న చెంచా సిట్రిక్ ఆమ్లం గాని తప్పక చేర్చాలి. చెట్టునుంచి కోసిన నిమ్మకాయల పులుపు కాయకొక రకంగా ఉంటుంది, దాని మీద ఆధారపడలేం. చిక్కుడు, మొక్కజొన్న, క్యారెట్, దుంపలు, పుట్టగొడుగులు, మాంసం వంటివాటికి ఆవిరి ఒత్తిడితో సీసాలను దాదాపు 116 డిగ్రీలకు చేర్చే ప్రత్యేకమైన పాత్ర, ప్రెషర్ క్యానర్, కావాలి. మీ వంటింటి కుక్కర్ ఆ పని చేయదు: అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, ఆ రెండు దశల్లో అందే వేడి కూడా లెక్కలో భాగమే. ఎత్తయిన ప్రదేశాలలో నీరు తక్కువ వేడికే మరుగుతుంది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. అక్కడ నీటిలో మరిగించే సమయమూ క్యానరులో ఒత్తిడీ పెంచాలి. పరీక్షించి అచ్చువేసిన కొలతలు తప్ప, ఎవరో చెప్పిన కొలతలు, నావి సహా, ఈ ఒక్క విషయంలో నమ్మవద్దు. వెల్లుల్లిని నూనెలో వేసి బయట ఉంచడం కూడా ఇదే కోవకు చెందినది. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి. మూత ఉబ్బినా, తీస్తే చిమ్మినా, రుచి చూసి తేల్చుకోవాలనుకోకు. తిన్నవారికి కనురెప్పలు వాలి, చూపు రెండుగా కనబడి, మింగుడు పడకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఫ్రీజరు గురించి నాకు పెద్ద మక్కువ లేదు. నిండుగా ఉన్నది తలుపు తీయకుండా ఉంచితే కరెంటు పోయాక 48 గంటలు, సగం నిండినది 24 గంటలు నిలుస్తుంది. మీకు పోయినది వారం రోజులు.

పెరటి నుంచి కడుపు నిండుతుందని ఆశించకు. కొద్దిపాటి నేల నలుగురికి కావలసిన ధాన్యం ఇవ్వలేదు. నిల్వలో లేని పచ్చదనాన్ని, విటమిన్లను, రుచిని ఇస్తుంది, దాని విలువ దానిదే. పదహారు రకాలు మాని నాలుగింటితో మొదలుపెట్టు: నెలలోపే కోతకు వచ్చే ఆకుకూర ఒకటి, రెండు నెలల్లో కాసే చిక్కుడు జాతి ఒకటి, ముదిరాక తొడిమతో కోసి ఉంచితే రెండు మూడు నెలలు నిలిచే గుమ్మడి, నేలలోనే దాగి ఉండే చిలగడదుంప. చిలగడదుంప లేత ఆకునూ వండుకోవచ్చు. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటు చూసుకో; ఎండ లేని చోట ఎంత ఎరువు వేసినా మొక్క సాగుతుందే గాని కాయదు. నేల లేకపోతే ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, టమాటాకు కనీసం 30 సెంటీమీటర్ల లోతున్న కుండీలు చాలు, అడుగున నీరు పోయే రంధ్రం ఉంటే. గుమ్మడి పిందెలు రాలిపోతుంటే తేనెటీగలు రావడం లేదని అర్థం. పొద్దున్నే మగపువ్వు కోసి, అడుగున బుల్లి కాయ ఉన్న ఆడపువ్వుకు నువ్వే తాకించు.

విత్తనాలు కొనేటప్పుడు హైబ్రిడ్ కానివి అడిగి తీసుకో. హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజ తల్లిలాంటి కాయ ఇవ్వదు. ఒక ఏడాది నేను అలా దాచిన టమాటా గింజలకు మొక్కకొక రకం కాయ కాసింది. చిక్కుడు, టమాటా చాలావరకు స్వపరాగ సంపర్కంతోనే, అంటే తమ పువ్వులోని పుప్పొడితోనే, గింజ కడతాయి కనుక కొత్తవారికి అనువైనవి. చిక్కుడు కాయను తీగ మీదే గలగలలాడేదాకా ఎండనివ్వాలి. టమాటా గింజలను రసంతో సహా రెండు మూడు రోజులు పులియనిచ్చి, పైన ఉన్న జిగురు పొర వదిలాక కడిగి ఆరబెట్టాలి. గుమ్మడి జాతి మాత్రం పక్క పాదుతో సంకరమవుతుంది. అలాంటి గింజ నుంచి వచ్చిన కాయ చేదుగా ఉంటే, వండితే పోతుందిలే అనుకోకుండా పారేయి, అది విషమే. ఎండిన గింజలను కాగితపు పొట్లంలో కట్టి, బిగువైన సీసాలో చల్లని చోట ఉంచు. టమాటా గింజ నాలుగేళ్లయినా మొలుస్తుంది, ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మకం లేదు.

నీ దగ్గర ఎన్నాళ్లనుంచో ఉన్నాయన్న చిక్కుడు గింజలను నేలలో వేసే ముందు 20 లెక్కపెట్టి, తడి గుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండా చూస్తూ వారం పది రోజులు ఉంచు. పద్నాలుగుకు తక్కువ మొలిస్తే ఒత్తుగా వేయాలి, పదికీ తక్కువైతే కొత్తవి తెచ్చుకోవాలి. ఎన్ని మొలిచాయో నాకు రాస్తే, పాదుకు ఎన్ని గింజలు వేయాలో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య