కాళ్లు లేనిదాన్ని లద్దెపురుగు అనవచ్చా?

సందేహం: మాది నల్లగొండ దగ్గర. బత్తాయితో పాటు కొన్ని మామిడి చెట్లున్నాయి. ఒక మామిడి మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతుంటే చెక్కి చూశాం. వేలెడు పొడవున్న తెల్లటి పురుగు దొరికింది. నేను లద్దెపురుగు అన్నాను. అగ్రికల్చర్ చదువుతున్న మా అబ్బాయి అది తప్పు, ‘డింబకం’ అనాలన్నాడు. ఏది సరి?

సమాధానం: ముందు అక్షరం సంగతి. ‘డింభకం’ అని భకారంతో రాయాలి. సంస్కృతంలో ‘డింభ’ అంటే పసిబిడ్డ. గుడ్డులోంచి వచ్చిన ఏ పురుగు పిల్లకైనా, కోశస్థ దశకు, అంటే కదలకుండా ఉండి పెద్ద పురుగుగా మారే దశకు, చేరేదాకా ఈ మాట చెల్లుతుంది. అంటే లద్దెపురుగు కూడా డింభకమే. మీ అబ్బాయి మాట సరైనదే గానీ, అది ఏ పురుగు పిల్లో దాంతో తెలియదు. మీ మాటతో ఏ జాతిదో తెలుస్తుంది, కానీ ఆ జాతి ఇది కాదు.

పొగాకు లద్దెపురుగు, ఒళ్లంతా వెంట్రుకలుండే గొంగళి, నడిచేటప్పుడు నడుం పైకెత్తే దాసరి పురుగు, ఇవన్నీ రెక్కల పురుగుల, అంటే సీతాకోకచిలుకల కోవకు చెందిన వాటి పిల్లలు. వీటికి తల వెనక మూడు జతల అసలు కాళ్లు, పొట్ట కింద మెత్తటి కాళ్లు ఉంటాయి. మీ బత్తాయి బెరడు మీద దారాలతో, రెట్టతో గూడు అల్లి, పగలు రంధ్రంలో దాక్కునే బెరడు తినే పురుగూ ఈ కోవలోదే.

మీకు దొరికినది, మీ వర్ణన బట్టి, పొడవాటి మీసాల పెంకుపురుగు పిల్ల అయి ఉండాలి. కొల్లాపూర్ వైపు మామిడి రైతులకూ తెలిసిన కాండం తొలుచు పురుగు అదే. మళ్లీ దొరికితే దాన్ని వెల్లకిలా తిప్పి చూడండి. కాళ్లు కనిపించవు. ఈ కుటుంబంలో కొన్నిటికి ఉన్నా, చాలా చిన్నవి. తల వెనక మొదటి ఖండితం, అంటే ఒంటి మీది కణుపుల్లో మొదటిది, మిగతా ఒంటికన్నా వెడల్పు. తల సగానికి పైగా అందులోకి దూరిపోయి, నల్లటి దవడలే ముందుకు కనబడతాయి. పొట్ట ఖండితాల మీదా కిందా మెత్తటి ఉబ్బులుంటాయి. సొరంగం గోడలకు వాటిని అదిమిపట్టి ముందుకు జరుగుతుంది, కాళ్ల పని అవే చేస్తాయి. మొదటి ఖండితం మరీ పలకలా చదునుగా ఉండి, మీద తిరగేసిన ఇంగ్లిష్ ‘V’ ఆకారపు గీత కనబడితే అది మరో కుటుంబపు పెంకుపురుగు పిల్ల. పెంటలో దొరికే వంకర తిరిగిన కొమ్ము పురుగు పిల్లకు మూడు జతల కాళ్లు స్పష్టంగా ఉంటాయి, దానితో కలపకండి.

కోశస్థ దశలో తేడా ఇంకా తేలిక. రెక్కల పురుగు కోశంలో కాళ్లూ మీసాలూ ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. మీ చెట్టులోని పెంకుపురుగు కోశంలో విడివిడిగా కనబడతాయి, పొడవాటి మీసాలు పొట్ట మీద చుట్టుకొని ఉంటాయి. ‘కోశస్త’ అని రాసేవారున్నారు, అది తప్పు. కోశంలో ఉన్నది కాబట్టి ‘కోశస్థ’.

పేరు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మందుల షాపులో లద్దెపురుగు అని చెబితే ఆకుల మీద కొట్టే మందు చేతిలో పెడతారు. మొదలు లోపల కూర్చున్న పురుగుకు అది అందదు, డబ్బూ పోతుంది, చెట్టూ ఎండుతుంది. ‘కాండం తొలిచే పెంకుపురుగు పిల్ల’ అనండి. పొడవైనా పర్వాలేదు. పరీక్షలో రాసేటప్పుడు మీ అబ్బాయి ‘డింభకం’ అని రాసుకోవచ్చు. పెద్ద పురుగును ‘తల్లిపురుగు’ అనడం రైతుల్లో ఎప్పటినుంచో ఉంది. అందులో మగవీ ఉంటాయి గానీ, ఆ వాడుకను మార్చాలని నేను అనను.