పల్లవి తర్వాత, ముందు సీను అడుగు

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. సినిమాకి పాట రాసే ఛాన్స్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ సగంలో ఏడ్చేసింది కూడా. నువ్వు పంపిన ట్యూన్ మూడుసార్లు విన్నాను, బాగుంది. దాని కింద నువ్వు పెట్టిన మెసేజ్ చూసే నాకు టెన్షన్ పట్టుకుంది: "పల్లవి అయిపోయింది మావయ్యా, సిట్యుయేషన్ తర్వాత చెప్తామన్నారు."

అలా ఒప్పుకోకురా. ట్యూన్ ముందు ఇస్తే తప్పేం లేదు, ఇప్పుడు చాలామంది పద్ధతి అదే. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారు మాత్రం సాహిత్యం చేతికొచ్చాక బాణీ కట్టడానికే ఇష్టపడేవారు. ఆయనా వేటూరి గారూ కలిసి 1977లో 'అడవి రాముడు' చేశారు, 1980లో 'శంకరాభరణం' చేశారు. అదే కవి, అదే సంగీత దర్శకుడు. "ఆరేసుకోబోయి" అనే 'అడవి రాముడు' పాటని 'శంకరాభరణం'లో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి గారి నోట పెట్టి ఒక్కసారి ఊహించుకో, నేను చెప్పేది అర్థమవుతుంది.

డైరెక్టర్‌ని మొహమాటపడకుండా అడుగు. పాటకి ముందు సీన్లో ఏం జరిగింది? పాట అయ్యేసరికి ఎవరి మనసులో ఏం మారింది? ఏమీ మారలేదంటే ఆ పాట తీసేసినా సినిమాకి నష్టం లేదన్నమాట.

'ఆర్ఆర్ఆర్' సినిమాలో 'నాటు నాటు' చూడు. 2023లో ఆస్కార్ వచ్చింది కాబట్టి అందరూ స్టెప్పుల గురించే మాట్లాడారు. నేను చూసింది వేరు. పార్టీలో ఒక తెల్లదొర భీమ్‌ని నలుగురి ముందూ అవమానిస్తాడు, నీకు డాన్సేం తెలుసని. ఆ ఎగతాళికి జవాబుగా పాట మొదలవుతుంది. అందుకే అందులో ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు లాంటి మాటలు పడ్డాయి. అవి ఆ మనిషి నోటికి అలవాటైన రుచులు. చివర్లో ఇద్దరే మిగిలితే, భీమ్ మనసుపడ్డ జెన్నీ చూపు అతని మీదుందని గమనించి రామ్ కావాలనే పడిపోతాడు. ఒక్క డైలాగూ లేకుండా స్నేహం ఎంతవరకు వచ్చిందో చెప్పేశారు. ఆ పాటలో చాలా భాగం సగం రోజులోనే అయిపోయిందనీ, మిగిలిన కాస్తకీ 19 నెలలు పట్టిందనీ అది రాసిన చంద్రబోస్ గారే చెప్పారు. కాబట్టి రెండు చరణాలు ఒక్క రాత్రిలో రాలేదని బెంగపడకు.

నా సంగతి కూడా విను. నేను అసిస్టెంట్‌గా చేసిన ఒక సినిమాలో ఒక డ్యూయెట్ ఉండేది. క్యాసెట్ విపరీతంగా అమ్ముడుపోయింది, టీకొట్టు దగ్గర అదే, ఆటోలో అదే. రిలీజ్ రోజు హాలు తలుపు దగ్గర నిలబడ్డాను. తెరమీద హీరో తండ్రి చనిపోయాడు, ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఇంతలో ఆ పాట వచ్చింది, మంచుకొండల్లో. మొదట ఒకతను లేచాడు, తర్వాత వరసకి వరస లేచి సోడాల దగ్గరికి పోయారు. క్యాసెట్ కొన్నవాళ్లే వాళ్లంతా! రెండో వారానికి ఆపరేటరే ఆ పాట కోసేశాడు. ఆ కవి తప్పేం లేదు పాపం, ఆయనకి సీను ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పాటలు నెలల ముందే యూట్యూబ్‌లోకి వచ్చేస్తున్నాయి. 'సామజవరగమన' 2019 సెప్టెంబరులోనే వచ్చింది, సినిమా 'అల వైకుంఠపురములో' 2020 సంక్రాంతికి. అన్నాళ్లూ ఆ పాటే సినిమాని మోసింది. వినగానే నోట్లో ఆడే హుక్ లైన్ కావాలని ప్రొడ్యూసర్ వెంటపడితే విసుక్కోకు, అతని భయం అతనిది. ఆ లైను పల్లవిలో పెట్టి, చరణాలు మాత్రం సీనుకి రాయి.

డబ్బు విషయం మీ నాన్నకి వదిలెయ్. పాటల రాయల్టీ వసూలు చేసి రచయితలకి, స్వరకర్తలకి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం మాత్రం నువ్వే తీసుకో. 2012 చట్ట సవరణ తర్వాత రాయల్టీలో రచయిత వాటాని నిర్మాత తన పేరున రాయించేసుకోవడం కుదరదు, తెలియక వదిలేసుకున్నవాళ్లని చూశాను.

ఆదివారం ఇంటికి రా, అత్తయ్య పెసరట్లు వేస్తానంది. సీన్ పేపరు పట్టుకొస్తేనే లోపలికి. ట్యూన్ ఒక్కటే తెస్తే గుమ్మంలోనే నిలబెడతాను.

మీ మావయ్య